పెద్ద దిక్కు పోయిన ఊళ్లు



ఎవరి పేరిట మనం ఇవాళ ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు ఉద్యోగమంతా ఏజెన్సీ బడుల్లోనే చేశారు. కొత్త ఊరికి బదిలీ అయితే ఆయన ముందు బడి తాళం తీసేవారు కాదట. పటేల్ ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చునేవారు. పటేల్ ఊఁ అన్నాకే పిల్లలు బడికొస్తారని ఆయనకు తెలుసు. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి ఆ పటేళ్ల సంగతే ఎంచుకున్నాను. దండకారణ్యంలో నాలుగు దశాబ్దాల మావోయిస్టు సాయుధ పోరాటంలో ఊరి పెద్దలు ఏమయ్యారు, వాళ్లు పోయాక ఊళ్లు ఏమయ్యాయి అన్నదే నా విషయం.

ఈ మాట అనగానే సభలో సగం మంది నేను ఏ పక్షమో లెక్క కడతారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ గురించి తెలుగులో మాట్లాడటం అలా తయారైంది. చంపింది ఎవరో చెప్పగానే చెప్పినవాడి జాతకం తేలిపోతుంది. ఎవరు చంపారన్నది ముఖ్యమే. ఆ లెక్క నేనూ చెబుతాను. కానీ చనిపోయినవాడు బతికుండగా ఊళ్లో ఏ పని చేసేవాడో అడిగేవాళ్లు తక్కువ. నేను అక్కణ్నుంచి మొదలుపెడతాను.

గోండు, కోయ, మురియా పల్లెల్లో పెద్దరికం ఒక్కడి చేతిలో ఉండదు. బస్తర్ వైపు భూమికి, దేవతకు సంబంధించిన పని గాయతాదో పెర్మదో అవుతుంది. మొదట అడవి కొట్టి ఊరు కట్టిన వంశంలోంచి వస్తాడతను. పైనుంచి వచ్చే అధికారితో మాట్లాడేవాడు పటేల్. కొన్ని ఊళ్లు కలిస్తే పరగణా, దానికి మాంఝీ. మన వైపు కోయగూడేల్లో పటేల్, పూజారి, కులపెద్ద ఉంటారు. ఆదిలాబాద్ గోండుల్లో ఊరికి పట్లా, పూజకు దేవారి. పేర్లు మారినా చేసే పని దాదాపు ఒకటే.

ఏమిటా పని? ఒక చిన్న తగాదా చూద్దాం. ఇద్దరు అన్నదమ్ముల పిల్లల మధ్య పోడు హద్దు గొడవ వచ్చింది. కాగితం లేదు, సర్వే రాయి లేదు. ఆ ఇప్పచెట్టు ఎవరి తాత కాలంలో ఎవరి వాటాకు వచ్చిందో చెప్పగలిగినవాడు గాయతా ఒక్కడే. చెట్టు కింద కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు, తిడతారు, లేచిపోతారు, మళ్లీ వచ్చి కూర్చుంటారు. పొద్దు గూకుతుంది. పెద్ద ఎక్కువ మాట్లాడడు. అందరూ అలిసిపోయి ఒక మాట దగ్గర ఆగేదాకా కూర్చోవడమే అతని విద్య. చివరికి ఒకడికి తప్పు వేస్తారు. ఒక పంది, కొన్ని కోళ్లు, ఇప్పసారా. ఆ తప్పును ఊరంతా కలిసి తింటుంది, తాగుతుంది. తప్పు కట్టినవాడూ అదే పంక్తిలో కూర్చుంటాడు. రేపటినుంచి ఆ ఇద్దరూ పక్కపక్కనే దున్నుకోవాలి కదా. మన సివిల్ కోర్టులో గెలిచినవాడు, ఓడినవాడు కలిసి భోజనం చేసిన దాఖలా నాకు తెలియదు.

ఇంకొక పని కాలానికి సంబంధించింది. కొత్త మామిడికాయను పండగ చేయకముందు ఎవరూ ముట్టరు. మర్క పండుం ఏ రోజో పూజారి, పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. భూమి పండగ అయ్యాకే విత్తనం నేలలో పడుతుంది. పట్నంవాడికి ఇది నమ్మకం, ఆచారం. ఊరికి మాత్రం ఇదే వ్యవసాయ పంచాంగం. అందరూ ఒకేసారి విత్తితేనే పశువులను ఒకేసారి కట్టేస్తారు, కాపలా కలిసి కాస్తారు. పూజారి లేని ఊరికి పండగ ఒక్కటే పోదు, ఈ కలిసి చేసే పనులన్నీ చెదురుతాయి.

మూడోది బయటివాళ్లతో మాట్లాడటం. ఫారెస్టు గార్డు వచ్చినా, పట్వారీ వచ్చినా, తునికాకు కాంట్రాక్టరు మనిషి వచ్చినా మొదట మంచం వేసేది పటేల్ ఇంట్లో. ఊరి తరఫున మంచిగానో చెడ్డగానో మాట్లాడేది అతనే. ఈ మూడో పనే అతని ప్రాణం తీసింది. ఆ సంగతికి వస్తాను.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ పెద్దరికం అడవిలో పుట్టి అడవిలో పెరిగిన అమాయకమైన వ్యవస్థేమీ కాదు. బస్తర్‌లో పటేల్ పదవిని శిస్తు వసూలు కోసం సంస్థానం, బ్రిటిష్‌వాళ్లు కలిసి బిగించారు. మన మన్యంలో కొన్ని ఊళ్ల మీద పెత్తనం ఉన్న ముఠాదార్లను ఇలాగే పట్టాలిచ్చి నిలబెట్టారు, పడగొట్టారు. 1879 రంప తిరుగుబాటుకు కల్లు మీద వేసిన చిగురు పన్ను ఒక కారణమైతే, ముఠాదార్లకూ పైనున్న మన్సబుదారుకూ మధ్య నలిగిన సంబంధాలు మరో కారణం. అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాం గంటం దొర బట్టిపనుకుల మునసబుగా పనిచేసినవాడే. సర్కారు ఎవరిని పెద్దగా నియమించిందో వాళ్లలోంచే తిరుగుబాటుకు నాయకులు వచ్చారు. 1910లో బస్తర్ భూంకాల్ తిరుగుబాటులో మామిడి కొమ్మ, మిరపకాయలు, బాణం, మట్టిముద్ద ఊరినుంచి ఊరికి కబురుగా నడిచాయి. ఆ కబురు నడిచింది మాంఝీలు, పెద్దల దారినే. అంటే ఒకే మనిషి సర్కారుకు పన్ను కట్టించేవాడు, అదే సర్కారు మీద ఊరిని లేపేవాడూ. ఈ రెండు ముఖాలూ గుర్తుంచుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

చెడ్డ ముఖం బాగా చెడ్డది. మంచి భూమి పటేల్ వంశం కింద ఉండేది. వెట్టికి మనుషులను పంపింది అతనే. గార్డు కోడి అడిగితే పేదవాడి ఇంట్లోంచి పట్టించింది అతనే. పంచాయతీలో ఆడవాళ్లు కూర్చునేవారు కాదు. బలవంతపు పెళ్లి మీద ఆడపిల్ల ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకున్నా తప్పు ఆమె మీదే పడేది. 1980లో పీపుల్స్‌వార్ (తర్వాతి మావోయిస్టు పార్టీ) దళాలు గోదావరి, ప్రాణహితలు దాటి బస్తర్, గడ్చిరోలి అడవుల్లోకి వెళ్లినప్పుడు వాళ్లకు దొరికిన ఊళ్లు ఇవి. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తెలంగాణ పిల్లలు. అందుకే ఈ కథ మనకు పొరుగు రాష్ట్రం కథ కాదు, మన ఇంటి కథ.

వాళ్లు మొదట ముట్టుకున్నది తునికాకు కట్ట. కట్టకు యాభై ఆకులు. కల్లందగ్గర కాంట్రాక్టరు మనిషి కల్లేదారు లెక్క తప్పించేవాడు, రేటు పైసల్లో ఉండేది. దళం చెప్పాక కూలి పెరిగింది, గార్డు దౌర్జన్యం తగ్గింది. ఇది ప్రచారం కాదు, ఆ రోజుల్లో అడవిలో తిరిగిన విలేకరులు, అధికారులు, హక్కుల సంఘాలవాళ్లు అందరూ ఒప్పుకున్న విషయం. ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి సభల్లో కూర్చున్నారు. పటేల్ కింద ఉన్న మిగులు భూమిని భూమిలేనివాళ్లకు పంచారు. ఒక తరం యువకులకు మొదటిసారిగా ఊళ్లో నోరు వచ్చింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లకు ఆ ఊళ్లు 1980కి ముందు ఎలా ఉండేవో తెలియదనుకుంటాను.

కానీ దళం పెట్టిన ఊరి సంఘం వచ్చాక తగాదా ఎవరి దగ్గరికి వెళ్లాలి? రెండు చెట్లు, రెండు పంచాయతీలు ఒక ఊళ్లో ఎక్కువ కాలం ఉండవు. మొదట పటేల్‌ను మందలించారు. తర్వాత భూమి పంచారు. మాట వినని చోట ఊరినుంచి పంపేశారు. ఇంకొన్ని చోట్ల ప్రజాకోర్టు పెట్టి చంపారు. అన్ని ఊళ్లలో ఇదే వరుసలో జరగలేదు. కొందరు పటేళ్లు తామే సంఘంలో చేరారు, కొందరి కొడుకులు దళంలోకి వెళ్లారు. భూమి మాటెలా ఉన్నా, ఎక్కువగా చావుదాకా తెచ్చిన నేరం ఒకటే: పోలీసు ఇన్‌ఫార్మర్ అన్న పేరు.

ఇక్కడ కాస్త ఆగాలి. పటేల్ ఉద్యోగమే బయటివాళ్లతో మాట్లాడటం. ఠాణాకు వెళ్లకుండా, అధికారికి మంచం వేయకుండా అతను పటేల్‌గా ఉండలేడు. ఊరి కుర్రాణ్ని పోలీసులు పట్టుకుపోతే విడిపించుకు రావడానికి స్టేషన్ మెట్లెక్కేది అతనే. మెట్లెక్కిన సంగతి మాత్రమే అడవికి చేరుతుంది. లోపల ఏం మాట్లాడాడో ఎవరికి తెలుసు? రెండో వైపు చూడండి. రాత్రి ఊళ్లోకి ఎవరొచ్చినా అన్నం పెట్టించడం ఊరి పెద్ద బాధ్యత. దళానికి అన్నం పెట్టించాడని పోలీసులు కొట్టారు, కేసులు పెట్టారు, కొన్నిసార్లు ఎన్‌కౌంటర్ లెక్కలో రాశారు. మధ్యవర్తిత్వమే రెండు పక్షాలకూ నేరమైంది. అందుకే మంచి పటేల్, చెడ్డ పటేల్ అన్న తేడా చావులో కనపడదు. దోచుకు తిన్న పటేల్ తెలివైనవాడు, ముందే జగ్దల్‌పూర్‌కో భద్రాచలానికో ఇల్లు మార్చేశాడు. ఊరిని వదల్లేక మిగిలినవాడే ఎక్కువ దొరికిపోయాడు.

ప్రజాకోర్టు గురించి ఒక్క మాట. దాన్ని సమర్థించేవాళ్లు అది పాత పంచాయతీకి కొత్త రూపం అంటారు. నేను ఒప్పుకోను. పాత పంచాయతీలో మరణశిక్ష తీర్పుగా ఇచ్చి అమలు చేసే మనిషి లేడు. అక్కడ అలిసిపోయేదాకా మాట్లాడే హక్కు మగవాళ్లందరికైనా ఉండేది. తుపాకులు పక్కన నిలబడి ఉన్నచోట చేతులెత్తమంటే లేచిన చేతుల లెక్కకు విలువేముంది? పైగా ఆ చేతులెత్తిన వాళ్లందరినీ చావులో భాగస్వాములను చేసింది ఆ తీర్పు. మర్నాడు చనిపోయినవాడి భార్య నీళ్లకు వెళ్లే దారిలో కనపడేది ఆ చేతులే.

బస్తర్‌లో దక్షిణాన మాడియా తెగవాళ్లు చనిపోయిన పెద్దలకు రాయి నిలుపుతారు. రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన రాళ్లు, రంగులు వేసిన కొయ్య స్తంభాలు మీలో చాలామంది చూసే ఉంటారు. పోరాటంలో ఇంకో రకం లేచాయి. దళంలో చనిపోయినవాళ్లకు పార్టీ ఎర్ర స్థూపాలు కట్టింది, బలగాలు వాటిని కూల్చాయి. చనిపోయిన పోలీసులకు పోలీసు లైన్లలో స్మారకాలు ఉన్నాయి. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో పోయిన పెద్దకు రాయి నిలపాలంటే బంధువులకు గుండె కావాలి. బంధువులను పిలవాలి, భోజనాలు పెట్టాలి, అతని గొప్ప చెప్పాలి. ఎవరొస్తారు? చావు తంతు సరిగా జరగని ఇంట్లో పెళ్లి మాట కదలదు. వియ్యం అందుకునే ఊళ్లు వెనక్కి తగ్గుతాయి. ఒక మనిషిని కాల్చిన తూటా మూడు నాలుగు ఊళ్ల చుట్టరికాలను తాకడం అంటే ఇది.

2005 జూన్‌లో బీజాపూర్ వైపు కుత్రు ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా, ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. అంతకుముందు 1990-91లో మహేంద్ర కర్మ నడిపిన జన జాగరణ్‌కు ఇది కొనసాగింపు. కర్మ కాంగ్రెస్ నాయకుడు, రాష్ట్రంలో ప్రభుత్వం బీజేపీది. ఇద్దరూ ఈ విషయంలో ఒక్కటయ్యారు. జుడుం సభల్లో మొదటి వరసలో కూర్చున్నవాళ్లలో భూమి, మాట పోగొట్టుకున్న పటేళ్లు, మాంఝీలు, వాళ్ల బంధువులు ఉన్నారు. వాళ్ల కోపానికి కారణం లేదని ఎవరూ అనలేరు. అయితే ఆ కోపాన్ని ప్రభుత్వం ఏం చేసింది? చెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడించలేదు, చేతికి తుపాకి ఇచ్చింది. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క క్యాంపులకు తోలారు. 644 ఊళ్లు ఖాళీ అయ్యాయన్నది అప్పట్లో అందరి నోటా వినపడిన లెక్క. 2006 జూలైలో ఎర్రబోరు క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేసి ముప్పై మందికి పైగా చంపారు. కర్మను 2013 మే 25న ఝీరం ఘాటీలో చంపారు.

ఈ దశలో పెద్దరికానికి జరిగిన అసలు నష్టం చావుల లెక్కలో లేదు. ప్రత్యేక పోలీసు అధికారి పేరుతో ఐదో తరగతి చదివినా చదవకపోయినా ఇరవై ఏళ్ల కుర్రాడికి నెలకు కొన్ని వందలో వేలో ఇచ్చి తుపాకి కట్టబెట్టారు. అవతల మావోయిస్టుల మిలీషియాలో అదే వయసు కుర్రాడి చేతిలోనూ తుపాకి ఉంది. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒక్కోసారి ఒకే ఇంటిపేరువాళ్లు. అరవై ఏళ్ల గాయతా ఇద్దరి ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాత ముందు మనవడు తల వంచడం పోయి, మనవడి ముందు తాత తల వంచాడు. పెద్దల మాటకు విలువ ఉండాలంటే పెద్దలు మంచివాళ్లయి ఉండక్కర్లేదు, భయం లేనివాళ్లయి ఉండాలి. ఆ ఒక్కటీ పోయింది.

2011 జూలై 5న జుడుం మీద నందినీ సుందర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆదివాసీ యువకులను ఇలా తుపాకులిచ్చి వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధం అంది. తీర్పు రాసిన ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి మన తెలుగువారు. ఆ తీర్పును ఎంత గౌరవించారో, అదే కుర్రాళ్లను పేరు మార్చి కొత్త చట్టం కింద కొత్త దళంలోకి ఎలా తీసుకున్నారో మీకు తెలుసు.

జుడుం రోజుల్లో ఊళ్లు వదిలినవాళ్లలో క్యాంపులకు పోనివాళ్లు సరిహద్దు దాటి మన వైపు వచ్చారు. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, గోదావరి జిల్లాల అడవుల్లో వాళ్ల గూడేలు ఉన్నాయి. మనం గుత్తికోయలంటాం. అక్కడ వాళ్లు షెడ్యూల్డు తెగ, ఇక్కడ కులపత్రం దొరకదు. కాయాకష్టానికి మిరప చేలలోకి వస్తారు, ఏరివేత అయ్యాక కనపడరు. ఆ గూడేల్లోనూ ఒక పెద్ద ఉంటాడు. కానీ అతని తాత అడవి కొట్టిన నేల కాదిది. ఏ చెట్టు ఎవరిదో అతనికి తెలియదు. చుట్టుపక్కల కోయ పటేళ్లు అతన్ని తమ సాటివాడిగా లెక్కచేయరు. అటవీశాఖకు అతను ఆక్రమణదారు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక ఫారెస్టు రేంజి అధికారిని గుత్తికోయలు నరికి చంపారు. ఉద్యోగం చేసుకుంటున్న ఒక మనిషి నిష్కారణంగా పోయారు. ఆ హత్యకు సాకు వెతకడం నా పని కాదు. అయితే మొక్కలు నాటేవాడికీ పోడు కొట్టేవాడికీ మధ్య నిలబడి ఇద్దరూ వినేలా ఒక మాట చెప్పగల మనిషి ఆ చుట్టుపక్కల ఎవరున్నారు? ఎవరూ లేరు. తర్వాత అక్కడి గ్రామ పంచాయతీ చేసిన పని గూడెం మొత్తాన్ని వెళ్లగొట్టాలని తీర్మానించడం.

ఇది ఒక్క దండకారణ్యం కథేనా అంటే కాదు. పాకిస్తాన్‌లో వజీరిస్తాన్, దాని పక్కనున్న గిరిజన ప్రాంతాల కథ దీనికి అచ్చంగా తోబుట్టువు. అక్కడి పెద్ద పేరు మలిక్. 1901 నాటి సరిహద్దు నేరాల చట్టం కింద పొలిటికల్ ఏజెంటు అనే ప్రభుత్వాధికారి అతనికి భత్యం ఇచ్చేవాడు, బదులుగా అతని తెగ చేసిన తప్పుకు అతన్ని పట్టుకునేవాడు. ఓటు కూడా 1996 దాకా అక్కడ మలిక్‌లకే. అంటే మలిక్ కూడా సగం సర్కారు మనిషే, పేదవాళ్లు అతన్ని తిట్టుకోవడానికి కారణాలున్నాయి. 2004 తర్వాత తాలిబన్ తుపాకులు మొదట గురిపెట్టింది ఈ మలిక్‌లనే. వందల మందిని ఒక్కొక్కరిగా చంపారు. తర్వాత తెగ పెద్దల పంచాయతీలైన జిర్గాలనే లక్ష్యం చేసుకున్నారు. 2008 అక్టోబరు 10న ఓరక్జాయి ప్రాంతంలో ఖాదేజాయి దగ్గర అలీఖేల్ తెగ పెద్దలు తాలిబన్‌ను ఎదిరించే ఏర్పాటు మాట్లాడుకోవడానికి కూర్చుంటే, ఆత్మాహుతి దాడిలో ఎనభై మందికి పైగా చనిపోయారు. మూడేళ్లు తిరగకుండా, 2011 మార్చి 17న ఉత్తర వజీరిస్తాన్‌లోని దత్తాఖేల్‌లో ఇంకో జిర్గా కూర్చుంది. క్రోమైట్ గని తగాదా తీర్చడానికి, అధికారులకు ముందే తెలియజేసి కూర్చున్న పంచాయతీ అది. దాని మీద అమెరికా డ్రోన్ క్షిపణులు వేసింది. మలిక్ దావూద్ ఖాన్‌తో సహా సుమారు నలభై మంది పోయారు. ఆకాశం నుంచి చూసినవాడికి గుండ్రంగా కూర్చున్న గడ్డాలవాళ్లు కనిపించారు, పంచాయతీ కనిపించలేదు.

2018లో ఆ ప్రాంతాన్ని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిపి పాత చట్టం తీసేశారు. కోర్టులు వచ్చాయి, పోలీసులు వచ్చారు. మంచిదే. అదే ఏడాది అక్కడి యువకులు పష్తూన్ తహఫుజ్ ఉద్యమం పేరుతో తుపాకి లేకుండా రోడ్ల మీదికొచ్చి, మాయమైనవాళ్ల సంగతేమిటని అడిగారు. మలిక్‌లు పోయిన చోట కొత్త గొంతులు లేచాయి. 2024లో ప్రభుత్వం ఆ ఉద్యమాన్ని నిషేధించింది. పాత పెద్దలను ఒకరు చంపితే కొత్త పెద్దలను ఇంకొకరు నిషేధించారు.

ఇంత చెప్పాక, తుపాకి నడిచిన ప్రతిచోటా పెద్దరికం నాశనమవుతుందని అనుకోనక్కర్లేదు. మన ఆదిలాబాద్ చూడండి. అక్కడా దళాలు తిరిగాయి, 1981లో ఇంద్రవెల్లిలో పోలీసులు గోండుల మీద కాల్పులు జరిపారు. అయినా అక్కడ గోండు పెద్దల పంచాయతీలైన రాయ్ సెంటర్లు ఇప్పటికీ కూర్చుంటున్నాయి. వాటి పెద్దలైన సార్మేడీలు తగాదాలు తీరుస్తున్నారు, పెళ్లి ఖర్చుల మీద, సారా మీద కట్టడి పెడుతున్నారు. ఎందుకు నిలిచాయి? నాకు తోచిన కారణం చెబుతాను. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కాలంనుంచి అక్కడ భూమికి కొంత పట్టా దక్కింది, బడి వచ్చింది, పెద్దల్లో చదువుకున్నవాళ్లు తయారయ్యారు. సార్మేడీ కలెక్టరును కలిస్తే మర్నాడు పత్రికలో ఫోటో పడుతుంది, ప్రాణం మీదికి రాదు. నలుగురి కళ్ల ముందు జరిగే మాటను ఇన్‌ఫార్మర్ మాట అనడం కష్టం. చీకట్లో మాట్లాడాల్సి వచ్చిన చోటే పటేల్ చచ్చాడు.

ఇక ఓటుతో వచ్చిన పెద్దల మాట. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఆపి కాల్చి చంపారు. వాళ్లు వంశపారంపర్య పెద్దలు కారు, ఓటుతో వచ్చినవాళ్లు. గనుల విషయంలో వాళ్ల మీద ఆరోపణలున్నాయి. ఆరోపణ నిజమే అనుకుందాం. వాళ్లను దించే హక్కు అరకు ఓటరుది. పటేల్‌ను దించే హక్కు పటేల్ ఊరిది. బస్తర్‌లో జరిగిందాంట్లో నాకు అన్నిటికన్నా పెద్ద అన్యాయంగా కనిపించేది ఇదే. చెడ్డ పెద్దను ఊరే దించుకునే దారి ఎంత సన్నదైనా ఉండేది. మాట వినడం మానేస్తారు, అన్నం కలపరు, ఇంకో వంశానికి పెద్దరికం పోతుంది, ఊరే రెండుగా చీలి కొత్త చోట గూడెం కట్టుకుంటుంది. నెమ్మది దారే. పార్టీకి అంత ఓపిక లేకపోయింది, ప్రభుత్వానికి అంత నమ్మకం లేకపోయింది. విప్లవం పేరుతో ఒకరు, శాంతి పేరుతో ఇంకొకరు ఆ హక్కును లాక్కున్నారు.

ఇప్పుడు తుపాకి కాలం ముగింపుకొచ్చినట్టు కనిపిస్తోంది. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో పార్టీ ప్రధాన కార్యదర్శి, మన శ్రీకాకుళం జిల్లావాడు నంబాల కేశవరావు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. నవంబరు 18న మారేడుమిల్లి ప్రాంతంలో దళ నాయకుడు మడావి హిడ్మా చనిపోయాడు. ఊళ్లలోకి రోడ్లు వస్తున్నాయి, క్యాంపులు వస్తున్నాయి, టవర్లు వస్తున్నాయి. గాయతా వస్తాడా?

రాడు. పెద్దరికం దానంతటదే తిరిగి రాదు. ఖాళీ కుర్చీ ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. క్యాంపు కమాండరు దగ్గర చనువున్నవాడు, లొంగిపోయి పోలీసుల జిల్లా రిజర్వు గార్డులో చేరినవాడు, గని కంపెనీ జీపెక్కినవాడు ఆ చోట కూర్చుంటాడు. ఊరు అతన్ని పెద్ద అని పిలుస్తుంది కూడా, భయంకొద్దీ. ఆ చోటును ఊరే నింపుకునే దారి చట్టంలో ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాల్లో తగాదాలను తమ ఆచారం ప్రకారం తీర్చుకోవడం ఒకటి. ఆ ఒక్క వాక్యం చట్టంలోకి రావడానికి ఆదివాసీ హక్కుల కోసం పనిచేసిన బి.డి. శర్మ లాంటివాళ్లు ఎన్నేళ్లు తిరిగారో! నియమాలు రాయడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 2011 దాకా, ఛత్తీస్‌గఢ్‌కు 2022 దాకా పట్టింది. ఇప్పుడు గ్రామసభ జరిగినా సంతకాలు ముందే ఉంటాయి, ఫోటో తర్వాత తీస్తారు. ఆడవాళ్లు మాట్లాడే గ్రామసభ కావాలి. ఆ విషయంలో పాత పంచాయతీకి తిరిగి పోకూడదు, సంఘాలు నేర్పిన పాఠాన్ని సంఘాలతోపాటు పారేయకూడదు.

ఈ హాల్లో ఐటీడీఏలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉన్నారు, లాయర్లు, విలేకరులు, హక్కుల సంఘాల మిత్రులు ఉన్నారు. మీకు మూడు విన్నపాలు. ఒకటి, 1980 నుంచి ఇప్పటివరకు చనిపోయిన ఊరి పెద్దల జాబితా తయారుచేయండి, చంపింది దళమైనా పోలీసులైనా జుడుమైనా ఒకే జాబితాలో. ఎవరి జాబితా వాళ్లు విడిగా దాచిపెట్టుకోవడం వల్ల కూడా వాళ్లెవరికీ రాయి లేచే వీలు లేకపోయింది. రెండు, మన జిల్లాల్లో గుత్తికోయ గూడేల పెద్దలను చుట్టుపక్కల కోయ పెద్దలతో ఒక చోట కూర్చోబెట్టండి. దానికి జీవో అక్కర్లేదు, ఒక చెట్టు, ఒక పూట, మధ్యలో లేచిపోనివాళ్లు నలుగురు చాలు. మూడు, కొత్తగా వచ్చే ప్రతి అధికారికీ చెప్పండి, ఊళ్లోకి వెళ్లి పటేల్‌తో మాట్లాడాల్సి వస్తే రాత్రిపూట చాటుగా పిలిపించుకోవద్దని, పగలు, ఊరందరి ముందు మాట్లాడమని.